ప్రభుత్వభేదములును పౌరుల హక్కులును: ఉదయగిరి, సోమశిల సీమల చరిత్ర

"హక్కు" అను మాట తెలుఁగునకు సహజమైనది కాదు. అరబ్బీభాషలో సత్యము, న్యాయముగా రావలసిన పాలు అను నర్థములుగల "హక్" అను శబ్దము, పారసీకము రాజభాషయైయుండిన కాలమునఁ గచేరీలగుండ నూళ్లలోనికి వచ్చి స్థిరపడినది. "రైతు" అనునదియు నట్టిదే. కాపరి యధీనమునందలి మంద యను నర్థమునుండి ప్రభువు రక్షణమునందలి జనము అను నర్థము పుట్టి, తుదకు మనదేశమున భూమిని దున్నువానికిఁ బేరయ్యెను. "ప్రజ" యనఁగా సంతానము. "పౌరుఁడు" అనఁగాఁ బురమునందు వసించువాఁడు. పల్లెకాఁపున కా పేరు పూర్వము చెల్లలేదు. రాజునకు బిడ్డ, కాపరికి మంద, పురమునకు నివాసి అను నీ మూఁడు భావములలో మొదటి రెంటియందును మనుష్యుఁడు మఱియొకని దయకుఁ బాత్రుఁడే కాని, తనంతఁ దాను నిలిచి యడుగఁగలవాఁడు కాఁడు. ఇట్టివానికి "నాది" యని యడుగు మార్గ మెప్పుడు, ఎట్లు గలిగెనో తెలియుటకు గ్రంథములకంటె నొక సీమచరిత్రమే మేలు.

నెల్లూరుజిల్లా పడమటిభాగమునఁ బెన్నానది వెలిగొండలను జీల్చుకొని మైదానమునఁ బ్రవేశించుచోట సోమశిల యున్నది. అచటి కుత్తరమున ఉదయగిరిదుర్గము. ఈ సీమను నెల్లూరి తెలుఁగుచోడులు, కాకతీయులు, విజయనగరరాజులు, గజపతులు, గోలకొండ సుల్తానులు, ఆర్కాటు నవాబులు, ఇంగ్లీషు కంపెనీవారు, పిమ్మట నింగ్లండు ప్రభుత్వమువారు ఏలిరి. 1950 మొదలుకొని గణతంత్రము నడచుచున్నది. భూమి యొకటియే, నీరొకటియే, వృత్తులును జాలకాల మించుమించుగా నొకటియే. ప్రభుత్వములు మాత్రము వేఱు.

రాజు మంచివాఁడా చెడ్డవాఁడా యను ప్రశ్న యిచట నంతగాఁ బనికిరాదు. మంచిరాజులు చెడ్డ యేర్పాటులందును గలిగిరి. చెడ్డ యధికారులు మంచి యేర్పాటులందును గలరు. మనుష్యునకు దక్కినది ప్రసాదమా, హక్కా యని యడుగవలెను. ప్రసాదమును నిచ్చినవాఁడే తీసికొనవచ్చును. తీసికొన్నప్పుడు మరల నతని దయనే వేఁడవలెను. హక్కు పోయినప్పుడో, పోఁగొట్టుకొన్నవాఁడు తన పేరిటఁ దానే పోయి, తీసికొన్నవానికంటె వేఱైనవాని యెదుట నిలిచి, నాది నాకిమ్మని యడుగవచ్చును.

కాకతీయ గణపతిదేవుఁడు 1244లో మోటుపల్లిరేవునందు వేయించిన యభయశాసనము సుప్రసిద్ధము. తుపానునఁ జిక్కి యొడ్డునకుఁ గొట్టుకొని వచ్చిన యోడలలోని ధనమును బూర్వరాజులు బలాత్కారముగాఁ గైకొనుచుండిరనియు, ధనము ప్రాణముకంటె మిన్నయని తలఁచి సముద్రయాత్రకుఁ దెగించిన వర్తకులకుఁ దాను గృపతోడను, గీర్తిధర్మములను గోరియు, నిర్ణీతమైన సుంకముదప్ప సమస్తమును విడిచితిననియు రాజందుఁ జెప్పినాఁడు. ఆ సుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు. దీనికి 29 ఏండ్లకు ముందు, 1215లో, ఇంగ్లండునందు జానురాజు మాగ్నాకార్టా యను శాసనమునకు ముద్ర వేసెను. పరదేశవర్తకులు నిర్భయముగా వచ్చిపోవచ్చునను నిబంధన యందును గలదు. మాటల మెత్తఁదనమునఁ జూచినచో మన శాసనమే మేలైనది. ఆంగ్లశాసనము ప్రభువర్గము రాజు మెడపైఁ గత్తినుంచి వ్రాయించినది. కాని యందొక విశేషము గలదు. రాజు మాటదప్పినచో నిరువదియైదుగురు ప్రభువు లతని కోటలను, భూములను బట్టుకొనవచ్చునని యందు వ్రాసిరి. ఆ యేడే పోపు దానిని రద్దుచేసెను. ఆ నిబంధన తరువాతి ప్రతులలోఁ గానరాదు. అయినను రాజు మాటకు రాజుగాక మఱియొకఁడు పూఁట యుండవలెనను తలంపు మాత్రము చావలేదు. మోటుపల్లి వర్తకులకు గణపతిదేవుని ధర్మబుద్ధియే పూఁట. ఆ వంశము పోఁగానే యా పూఁటయుఁ బోయెను. 1358లో రెడ్డిరాజైన యనపోతారెడ్డి యదే రేవునందు మరల నభయము వ్రాయింపవలసివచ్చెను.

ఇట్టి పూఁట లేనప్పు డేమగునో ఉదయగిరి, కనిగిరి ప్రాంతముల గొల్లలు పాడుకొను కాటమరాజుకథ చెప్పుచున్నది. ఆ గాథ ప్రకారము, కఱవువచ్చి పసులమందలతో దక్షిణమునకు వచ్చిన యాదవప్రభువు కాటమరాజు నెల్లూరి మనుమసిద్ధి యడవులలో మేపుకొనుటకుఁ గౌలు వ్రాసికొనెను. పుల్లరిక్రిందఁ గోడెదూడల నిచ్చుట యొడంబడిక. తరువాత రాజుపక్షమువారు పసులను జంపిరని యాదవులు పుల్లరి నిలిపిరి; పుల్లరి యియ్యలేదని రాజు సేన నంపెను. పాలేటియొడ్డునఁ బంచలింగాలవద్ద జరిగిన పోరునఁ గవి తిక్కనకు జ్ఞాతియైన ఖడ్గతిక్కన మడిసెను. కథను వీరరసమునకై వినువారు దాని నడుమనున్న వ్యాజ్యమును మఱతురు. ఇరుపక్షములవారికిని జెప్పుకొనఁదగిన మాట యున్నది. ఒడంబడిక యున్నది. దానిని జదివి తీర్పుచెప్పు మూఁడవవాఁడు లేఁడు. ఒడంబడికలో నొకపక్షము తానే ప్రభువైనప్పుడు రెండవపక్షమునకు మిగిలినది కత్తియొక్కటే. కత్తిపట్టఁగల కాటమరాజు పోరాడెను. పదిపసులు గల సామాన్యగొల్ల యేమిచేయునో కథ చెప్పలేదు, చెప్పనక్కఱయు లేదు.

1905లో బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు ప్రకటించిన నెల్లూరుజిల్లా శాసనసంపుటములు మూఁటిని దిరుగవేసినవారికి, ఆ కాలమున హక్కువంటిది బొత్తిగా లేకుండెనని చెప్ప మనసొప్పదు. దానశాసనములలో నష్టభోగముల ప్రసక్తి తఱచుగా వచ్చును: నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షిణి, ఆగామి, సిద్ధము, సాధ్యము. భూమిలో దొరకు పాఁతఱ మొదలుకొని యందు పాఱు నీటివఱకును, నేఁడు పండుదానినుండి రేపు పండింపఁదగినదానివఱకును, గ్రహీత కిన్ని విధములఁ జెందునని స్పష్టముగా వ్రాసిరి. నేఁటి దస్తావేజులు వ్రాయువారికిఁ గూడ నింత నేర్పు లేదేమో! కాని యా స్వామ్యము పొందినవారు దేవుఁడును, బ్రాహ్మణుఁడును, రాజసేవకుఁడును. ఆ భూమినే దున్నుచుండిన కాఁపు పేరు శాసనమున నరుదు. దానమును హరించినవాఁడు పురుగై పుట్టునను శాపమే తుదనుండును. శాప మెదుట నిలిచి వాదింపఁదగిన న్యాయస్థానము గాదు. అది యున్నదనుటయే వేఱు న్యాయస్థానము లేమికి గుఱుతు.

ఆ రాజ్యము చేసిన మేలును దక్కువచేయరాదు. ఉదయగిరినుండి యేలిన బుక్కరాయల కొమారుఁడు భాస్కరభవదూరుఁడు 1369లోఁ బోరుమామిళ్ల చెఱువును గట్టించి శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలీలును, ఱాళ్లకై నూఱుబండ్లును రెండేండ్లు పనిచేసినట్లందుఁ గలదు. చెఱువునకుఁ గావలసిన పండ్రెండంగములను, దగులరాని యాఱు దోషములను శాస్త్రానుసారముగా నచట వివరించిరి. కట్ట యూరుట, చవుటినేల, నడుమ మెఱక, నీటికంటె నేల యెక్కువగుట, నేలకంటె నీరెక్కువగుట యను వానితోఁగూడ మఱియొక దోషము చెప్పఁబడినది: రెండురాజ్యముల పొలిమేరయందుఁ గట్టుట. ఒకరి నేల మునిఁగి యొకరి నేల పండినచోఁ దగవు తీఱదని యా శాస్త్రకారుఁ డెఱిఁగినాఁడు. ఈ మాట సోమశిలకడ మరల నవసరమగును.

కృష్ణదేవరాయలు ఉదయగిరిని 1514లో గజపతులనుండి గైకొని, యచటి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకుఁ గొనిపోయి 1515లో నాలయము గట్టించెను. ఆయన వ్రాసిన యాముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతిలో నొకపద్యభావము మిక్కిలి గమనింపఁదగినది. బాధపడలేక ప్రజ లేచిపోఁగా, వారిని మరలఁ బిలువక, వారి పసులును ధాన్యమును నమ్ముకొనవచ్చును, ఇండ్లు వంటచెఱకునకు వచ్చునని సంతోషించు నధికారి గల రాజు ఏడుదీవులు గెలిచినను సిరి పొందఁడని యాయన చెప్పెను. రాజు మనసు దీనియందుఁ గానవచ్చును, రాజ్యపుస్థితియుఁ గానవచ్చును. అధికారి యన్యాయము చేసినప్పుడు రైతునకున్న ప్రతిక్రియ యూరు విడుచుటయే. దున్నువారు తక్కువ, నేల యెక్కువ యైన కాలమున నది బలమైన యాయుధమే. రాజు నష్టపడును గావునఁ బిలిపించి పన్ను తగ్గించును. కాని యది యిల్లును, నేలను విడిచి ప్రయోగింపవలసిన యాయుధము.

సదాశివరాయల కాలమునఁ గొండోజు అను మంగలి యళియరామరాజును మెప్పించి తన కులమువారికెల్లఁ బన్నులు లేకుండఁ జేయించెను. బాదామి మున్నగుచోట్లఁ దత్సంబంధమైన శాసనములు గలవు. ఒక్కనియందలి మెప్పు వేలకొలఁది కుటుంబములకు బరువు దించినది. సంతోషింపఁదగినదే; కాని క్షౌరము చక్కఁగాఁ జేయఁగల కొండోజు లేని కులమువారికి గతి యేమి?

గోలకొండ కాలమును వేగముగా దాఁటవచ్చును. గుత్తలు హెచ్చినవి, పైరుపై నధికారము చేతులు మాఱినది, దున్నువాని స్థితియందుఁ బెద్దమార్పు లేదు. ఆర్కాటు నవాబుల కాలమున ఉదయగిరి జాగీరయ్యెను. జాగీరుదారు గొప్పవాఁడే, కాని యతని గొప్పతనమును బ్రసాదమే. కంపెనీకాలమున 1839లో, కర్నూలు నవాబుతోఁ గుట్రలోఁ గలసెనను నేరముమోపి, ఉదయగిరి జాగీరుదారైన యబ్బాసు ఆలీఖానును దూరదేశమునకుఁ బంపి జాగీరును గలుపుకొనిరి. రాజ్యమునకుఁ బ్రమాదకరులని తోఁచినవారిని విచారణలేకయే నిర్బంధించుటకు మద్రాసునందు 1819 నాఁటి రెండవ రెగ్యులేషను సిద్ధముగా నుండెను. సామాన్యులకుఁ గోర్టులు పెట్టిన ప్రభుత్వమే, తనకు భయము గలిగినచోటఁ గోర్టును బ్రక్కకుఁ దొలఁగించుకొనెను. ఇది కంపెనీతోఁ దీఱిన గుణము గాదు.

1801లోఁ గర్ణాటకముతోఁగూడ నెల్లూరుసీమ కంపెనీపాలైనది. జిల్లాకోర్టు, కలెక్టరు, వ్రాఁతమూలకమైన రెగ్యులేషనులు వచ్చినవి. కాగితమునఁ జూచినచో రైతునకుఁ దొలిసారి మూఁడవవాఁడు దొరకెను. అది యెంతవఱకు నిజమో 1855 నాఁటి చిత్రహింసావిచారణసంఘపు నివేదికవలనఁ దెలియును. మద్రాసునందలి తెలుఁగువర్తకుఁడు గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు 1852లో దేశీయసంఘము నెలకొల్పి, శిస్తువసూలునకై జరుగు హింసలను గూర్చి పార్లమెంటునకు మొఱపెట్టించిరి. సీమూరు అను పార్లమెంటు సభ్యుఁడు 1853లో వచ్చి జిల్లాలు దిరిగి చూచెను. తత్ఫలితముగా నెలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురితో సంఘమేర్పడెను. మెడకును గాలిబొటనవ్రేలికిని ద్రాడుగట్టి వంచి యెండలో నిలుపుట, కఱ్ఱలనడుమ వ్రేళ్లు నొక్కుట మొదలగునవి శిస్తుకొఱకు నడచుచున్నవని యా సంఘము నిర్ధారించెను. అంతకంటె ముఖ్యమైనది దాని రెండవ నిర్ణయము: బాధితులకుఁ జెప్పుకొనుటకుఁ దగిన చోటులేదు. కలెక్టరు దూరమున నుండును. ఆయనకు వ్రాసికొన్న యర్జీ విచారణకై మరల నా తాసీల్దారునకే వచ్చును. వసూలుచేయువాఁడును, శిక్షింపఁగలవాఁడును, ఫిర్యాదు విచారించువాఁడును ఒక్కఁడే యైనచో, రెగ్యులేషనుల పుస్తకమెంత లావైనను నెండలో వంగి నిలుచున్నవానికేమి ప్రయోజనము? పిమ్మటఁ బోలీసును రెవిన్యూనుండి విడఁదీసిరి.

ఈ సీమలోఁ గొంతభాగము వేంకటగిరి జమీందారీ. 1802 నాఁటి శాశ్వతపరిష్కారమున జమీందారునకు సన్నదు దొరకెను, పేష్కషు స్థిరమయ్యెను. కాఁపు కట్టవలసినది మాత్రము స్థిరపడలేదు. భూమి యెవరిదను ప్రశ్నను నూఱేండ్లు కోర్టులలో నలిపిన పిమ్మట 1908 నాఁటి యెస్టేటుభూముల చట్టము, సాగుచేయు రైతునకు నిలుకడయైన యనుభవస్వత్వము గలదనెను. చట్టమువచ్చినను రసీదు లియ్యకపోవుట, అడవిలోఁ బుల్ల విఱిచినందుకుఁ దండుగు వేయుట మొదలగు బాధలు పోలేదు. 1928లో నెల్లూరినుండి వేంకట్రామానాయుఁడుగారు వెలువరించిన "జమీన్ రైతు" పత్రిక పేరే యా తగవును జెప్పుచున్నది. 1948 నాఁటి రద్దుచట్టముతో జమీందారీ పోయెను.

కాటమరాజు నాఁటి పుల్లరి మరల 1882లోఁ గనఁబడును. ఆ యేఁటి మద్రాసు అడవిచట్టము ప్రకారము, ఒక యడవిని రిజర్వుచేయఁదలఁచినప్పుడు ప్రకటనచేసి, మూఁడునెలలకుఁ దక్కువగాని గడువిచ్చి, మేఁతకు, దారికి, నీటికి హక్కుగలవారు సెటిల్‌మెంటు అధికారికడఁ జెప్పుకొనవలెనని పిలువవలెను. కాటమరాజునకు లేని మూఁడవవాఁడు వచ్చినాఁడు. కాని గడువులోఁ జెప్పుకొనని హక్కు చచ్చినట్లే. తాతలనాఁటినుండి వెలిగొండలలో మేపుకొనుచున్నవాఁడు, తనది యొక "హక్కు" అనియు, దానిని వ్రాసి నిరూపింపవలెననియు నెట్లెఱుఁగును? అతనికిఁ దెలియువఱకుఁ బసులు బందెలదొడ్డిలో నుండును. 1921-22లోఁ బల్నాటిరైతులు పుల్లరి యియ్యమనిరి. కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలోఁ దుపాకిగుండ్లకు బలియయ్యెను. పంచలింగాలపోరునకును దీనికిని నడుమ నాఱువందల యేఁబదియేండ్లకుఁ బైఁబడి గడచినను వ్యాజ్యము మాఱలేదు. అడవులలో వసించువారి సంప్రదాయస్వత్వములను మరల గుర్తించి, విచారణ నూరి గ్రామసభయొద్దనే యారంభింపవలెనను చట్టము 2006లోఁగాని పుట్టలేదు.

ఒకే ప్రభుత్వముక్రింద నందఱి స్థితియు నొకటిగా లేదనియుఁ జెప్పవలసియున్నది. 1911 నాఁటి నేరజాతుల చట్టము ప్రకారము ఎఱుకలవారు మొదలగు జాతులవారు పుట్టుకచేతనే నేరస్థుల పట్టీ కెక్కిరి. రాత్రి యెచటనున్నదియు మునసబునకుఁ దెలుపవలెను. మద్రాసు రాజధానిలో నది 1947లోఁ గొట్టివేయఁబడెను. మఱియొకప్రక్కఁ బ్రభుత్వము తీసికొనక, సంఘమే తీసికొన్న స్వత్వములు గలవు. నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి యాలయమున హరిజనులకుఁ బ్రవేశము గావలెనని పొట్టి శ్రీరాములుగారు 1946లో నుపవాసము చేయవలసివచ్చెను. ఆ తలుపులను వేసినది కలెక్టరు గాఁడు.

1950 జనవరి 26 నాఁడమలునకు వచ్చిన రాజ్యాంగమునందుఁ బ్రాథమికహక్కుల పట్టికకంటె 32వ యధికరణమే ప్రధానమైనది. హక్కు పోయినవాఁడు నేరుగా సుప్రీముకోర్టునకుఁ బోవుటయే యొక ప్రాథమికహక్కని యందున్నది. 226వ యధికరణమున హైకోర్టునకుఁ దత్సమానమైన యధికారము గలదు. మోటుపల్లిశాసనమునకు లేని పూఁట యిదియే. ఓటునకుఁ బన్ను కట్టి యుండవలెనను పూర్వపు నిబంధనము పోయి, 1951-52 ఎన్నికలలో వయసువచ్చిన యాఁడువారును మగవారును సమానముగా నోటువేసిరి.

అయినను పూఁటకుఁ బరీక్ష వచ్చినది. 1975 జూన్ 25న నత్యవసరస్థితి ప్రకటింపఁబడెను. విచారణలేక నిర్బంధింపఁబడినవారు హేబియసు కార్పసు కోరవచ్చునా యను ప్రశ్నపై 1976 ఏప్రిల్ 28న సుప్రీముకోర్టులో నలువురు న్యాయమూర్తులు కోరఁగూడదనిరి, హెచ్. ఆర్. ఖన్నా యొక్కరే కోరవచ్చుననిరి. 1819 నాఁటి రెగ్యులేషను కంపెనీతోఁ జావలేదని యిదివఱకుఁ జెప్పినది దీనిని గూర్చియే. 1978 నాఁటి 44వ సవరణవలన, అత్యవసరస్థితియందును బ్రాణస్వాతంత్ర్యముల హక్కును నిలుపఁగూడదని వ్రాసిరి. 2017లో సుప్రీముకోర్టే యా పాఁతతీర్పును గొట్టివేసెను.

సోమశిల యానకట్టపని యా కాలముననే, 1975 ప్రాంతమున, ఆరంభమై 1989లో ముగిసెను. జలాశయము 78 శతకోటి ఘనపుటడుగుల నీటిని బట్టును. ఆయకట్టు నెల్లూరిసీమ. ముంపు ముఖ్యముగాఁ గొండలకుఁ బడమట, కడపసీమలో: అట్లూరు, ఒంటిమిట్ట, నందలూరు ప్రాంతముల గ్రామములు. పోరుమామిళ్లశాసనము చెప్పిన పొలిమేరదోష మిదియే. రెండురాజ్యములకు బదులు రెండుజిల్లాలు. నెల్లూరి వరిమళ్లకు మేలు గలుగలేదని యెవ్వరు ననరాదు. మేలు పొందినవారొకరు, ఇల్లు విడిచినవారొకరు అనుటయే యిచటి మాట.

విడిచినవారికి వర్తించినది 1894 నాఁటి భూసేకరణచట్టము. గణతంత్రమునందును నింగ్లీషువారి చట్టమే యమలునం దుండెను. ప్రకటన, ఆక్షేపణల విచారణ, నష్టపరిహారనిర్ణయము, అది చాలదన్నవారికి జిల్లాకోర్టు. వరుస చక్కఁగా నున్నది. పట్టాదారున కిది నిజమైన హక్కు. కలెక్టరు కట్టిన వెలను కాదని న్యాయాధిపతికడఁ బెంపించుకొనినవారు దేశమునఁ బెక్కండ్రు. బలవంతపు సేకరణకై వెలపై నూటికి 15 చొప్పునఁ జేర్చుచుండినదానిని 1984లో 30 చేసిరి. కాని యా ద్వారము పట్టా గలవానికే తెఱవఁబడును. కౌలునకు దున్నిన మాటయే గాని కాగితములేనివాఁడు, కూలిచేయువాఁడు, ఊరి చాకలి, మంగలి, కుమ్మరి తమకుఁ బోయినదానిని న్యాయాధిపతియెదుట నెట్లు చూపుదురు? ఊరే యుండుటవలన వారి వృత్తి నిలిచినది. ఊరు మునిఁగినప్పుడు వృత్తియు మునిఁగినది. ఆ మునిఁగినదానికిఁ జట్టమునఁ బేరు లేదు. వీరిలోఁ గొందఱికి మేలు చేయఁదలఁచినప్పుడు ప్రభుత్వము వేఱుగా నుత్తరువు లిచ్చెను, ఉత్తరువు ప్రసాదము.

ఆనకట్ట లేచుచుండఁగనే మఱియొకటి జరిగెను. పైఁజెప్పిన 44వ సవరణయే, ప్రాణస్వాతంత్ర్యములకుఁ గాపు పెంచుచు, ఆస్తిహక్కును బ్రాథమికహక్కులనుండి తొలఁగించెను; అది 1979 జూన్ 20న నమలునకు వచ్చెను. చట్టముయొక్క యధికారములేక యెవ్వరి యాస్తియుఁ దీసికొనరాదని 300ఎ యధికరణమున మాత్రము మిగిలెను. జమీందారులును, ధనికులును భూసంస్కరణలను గోర్టులలో నడ్డగించుటకు నా హక్కును వాడికొనిరి గావునఁ దొలఁగించిరనుట సత్యమే. కాని యది తొలఁగినప్పుడు జమీందారుతోఁబాటు రెండెకరముల చేను గలవాఁడును నేరుగా సుప్రీముకోర్టునకుఁ బోవు 32వ యధికరణపు దారిని గోలుపోయెను. పెద్దవానినుండి కాపాడుటకుఁ దీసిన తలుపు చిన్నవానిదియునై యుండెను. ఈ సవరణను బొగడినవారు దీని నంతగాఁ దలఁపలేదు.

సోమశిలయందు నిలుచునది పెన్నానీరు మాత్రమే కాదు. తెలుఁగుగంగపథకమున శ్రీశైలమునుండి వచ్చు కృష్ణానీ రిచట నిలిచి, కండలేరునకుఁ బోయి, యచటినుండి పూండిమీఁదుగాఁ జెన్నపట్టణమునకుఁ జేరును. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తలకైదు శతకోటి ఘనపుటడుగుల చొప్పున నియ్య నొప్పుకొనెను. 1983లోఁ దమిళనాడుతో నొడంబడిక జరిగెను. 1996లో నీరు పూండికిఁ జేరెను. చెన్నపట్టణపుఁ గుళాయికడ నిలుచున్న గృహిణికి నీ యొడంబడిక యెంత యాధారమో చెప్పనక్కఱలేదు. అందుఁ బక్షములు రాష్ట్రములు. అట్లూరిగ్రామస్థుఁడు దాని కెందును బక్షము గాఁడు.

ఆ జిల్లాలోనే యిందుకు భిన్నమైన యుదాహరణమును గలదు. ఉదయగిరికిఁ దూర్పుగాఁ గలిగిరిప్రాంతమునందలి దూబగుంటలో, 1990 తరువాత నడచిన యక్షరాస్యతాపాఠములు చదువుకొన్న యాఁడువారు 1992లో సారాయంగడిని మూయించిరి. వర్ధినేని రోశమ్మ మొదలగువారి పేళ్లు దేశమంతట వినఁబడెను. వారు కోర్టునకుఁ బోలేదు. ఓటుపెట్టె వచ్చువఱకును నిలువలేదు. సారాపాటల వేలము జరుగకుండ జిల్లాకేంద్రమున గుంపులుగూడి యడ్డగించిరి. సారాపైఁ బ్రభుత్వమునకు వచ్చు నాదాయ మెక్కువ. తీసికొనువాఁడే ప్రభువైన పాఁతవ్యాజ్యమే యిదియు. 1993 ఏప్రిల్ 15 మొదలు నెల్లూరుజిల్లాలోను, అక్టోబరు 1 మొదలు రాష్ట్రమంతటను సారా నిషేధింపఁబడెను. 1995లో వచ్చిన సంపూర్ణమద్యనిషేధము 1997లో సడలింపఁబడెను. పూర్వము బాధపడినవారు ఊరు విడిచిపోవుచుండిరి. వీరు ఊరిలోనే నిలిచి, సంకోచములేక గుమిగూడి యడిగిరి. ఆ గుమిగూడుట నేరముగాదని 19వ యధికరణము చెప్పుచుండుటవలనఁ దుపాకులు పల్నాటియందువలె మ్రోఁగలేదనుట కొంతవఱకు నిజము. ఎన్నికలభయమును దానికిఁ దోడ్పడెననుటయు నిజమే.

1894 నాఁటి చట్టము 2013 వఱకు నడచెను. ఆ యేడు చేయఁబడి 2014 జనవరి 1న నమలునకు వచ్చిన క్రొత్త భూసేకరణచట్టము వెలనిర్ణయమునుమాత్రమే కాక యా నేలపై నాధారపడి బ్రదుకువారిని గూడ లెక్కించెను. సేకరణకు ముందు మూఁడేండ్లనుండి యా నేలయందుఁ బనిచేయుచున్న కౌలుదారులు, కూలీలు, చేతివృత్తులవారు "బాధితకుటుంబము" అను నిర్వచనములోఁ జేరిరి. సేకరణవలన సంఘమునకుఁ గలుగు మేలుకీడులను ముందుగా విచారించి గ్రామస్థుల యెదుట వినిపింపవలెననియు, వెలపై నూటికి నూఱు చేర్చి యియ్యవలెననియు నందుఁ గలదు. పునరావాసము ప్రసాదమనుమాట పోయి, దానికై యడుగుటకు వేఱుగా నొక యధికారిసంస్థ యేర్పడెను. చాకలికి, మంగలికిఁ జట్టమునఁ బేరు వచ్చునప్పటికి, సోమశిలయానకట్ట ముగిసి యిరువదినాలుగేండ్లయ్యెను.